లోపం వాడకంలో ఉన్నది

సదానందం మీటరు పెట్టి చెప్పాడంటే ఇక దానికి తిరుగులేదు. వరంగల్ స్టేషన్ రోడ్డు పక్క సందులో ముప్ఫై ఏళ్లుగా మోటార్లు, స్టార్టర్లు బాగుచేస్తున్న మనిషి. అటు పరకాల నుంచి ఇటు తొర్రూరు దాకా ఎవరింట్లో ఏ మిషను కాలినా, "సదానందాన్ని పిలువుండ్రి, ఆయన జెప్తడు" అనేవాళ్లు. ఆయన వచ్చేవాడు, సంచిలోంచి పసుపురంగు మీటరు తీసి రెండు తీగలు గుచ్చేవాడు, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని అంకె చదివేవాడు, చీటీ రాసిచ్చి వెళ్లిపోయేవాడు.

ఆ చీటీ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు అంతుపట్టదు. మిషను కాలిన చోట జగడం తప్పకుండా ఉంటుంది. కరెంటు వల్ల కాలిందా, నడిపిన మనిషి వల్ల కాలిందా? యజమాని జీతగాణ్ని అంటాడు, అత్త కోడల్ని అంటుంది, అనిపించుకున్నవాళ్లు కరెంటును తిడతారు. ఈ గోల పడలేక సదానందం ఒక చీటీల పుస్తకం అచ్చు వేయించుకున్నాడు. అందులో రెండే వాక్యాలు. "కరెంటులో లోపం ఉన్నది." "కరెంటు సక్రమంగా ఉన్నది, లోపం వాడకంలో ఉన్నది." ఏదో ఒకదానికి టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, ముద్ర కొట్టి ఇస్తే జగడం అక్కడికి తెగిపోయేది. ఏమీ తెలియలేదు అని చెప్పే మూడో వాక్యం అందులో లేదు. అచ్చు వేయించేటప్పుడు అది ఆయనకు తట్టలేదు.

ఆ టిక్కు ఎక్కువసార్లు రెండో వాక్యానికే పడేది. అబద్ధం చెప్పాలని కాదు, పాపం. మీటరులో అంకె సరిగ్గానే కనిపించేది, ఇంకేం చేస్తాడు!

ఈ ఎండాకాలంలో పరకాల దాటాక ఒక ఊరి పాల కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. ఊరి పేరు చెప్పను, వాళ్లంతా ఇప్పటికీ అక్కడే పాలు పోస్తున్నారు, నాకెందుకొచ్చిన రంది! అక్కడ వెయ్యి లీటర్ల పాలు చల్లబరిచే పెద్ద స్టీలు ట్యాంకు ఒకటి ఉంది. దాన్ని నడిపే కంట్రోల్ కార్డు నెలలో రెండుసార్లు కాలిపోయింది. రెండుసార్లూ పాలు విరిగిపోయి, మోరీలో పారబోయాల్సి వచ్చింది. తెల్లారకముందే లేచి బర్రెలు పిండుకుని వచ్చే ఆడవాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు.

ఆ ట్యాంకు చూసుకునేది స్రవంతి. ఇరవై ఆరేళ్ల పిల్ల. తరతరాలుగా కూలికి పోయే ఇల్లు వాళ్లది. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని, రిజిస్టరు ముందు పెట్టుకుని పనిచేసిన మొదటి మనిషి ఆమే. డిగ్రీ చదివింది, పరీక్ష రాసింది, ఆ ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పుడు ఊరంతా ఆమె మీదే పడింది. స్విచ్చులు ఇష్టం వచ్చినట్టు వేసి తీస్తున్నదనీ, ఫోనులో మునిగి ట్యాంకును గాలికి వదిలేస్తున్నదనీ అన్నారు. పాల సంఘం అధ్యక్షుడు వెంకటేశ్వర్లు, "మనమెవ్వరం అనుడు ఎందుకు, సదానందమే వచ్చి చెప్తడు" అని ఫోను చేశాడు.

సదానందం వెళ్లిన రోజు ఎండ మండిపోతున్నది. చెట్టు మీద ఆకు కదలడం లేదు. గోడకున్న ప్లగ్గులో మీటరు తీగలు గుచ్చి పది నిమిషాలు చూశాడు. రెండు వందల ఇరవై తొమ్మిది వోల్టులు. రెండు వందల ముప్ఫై. మళ్లీ ఇరవై తొమ్మిది. ఇంత మంచి కరెంటు కలెక్టరు ఆఫీసులో కూడా ఉండదనుకున్నాడు.

స్రవంతి తలుపు దగ్గర నిలబడి అంతా చూస్తున్నది. ఆయన చీటీల పుస్తకం బయటికి తీయగానే దగ్గరికి వచ్చింది.

"సార్, జర ఆగుండ్రి. గాలి లేచినప్పుడు సూడాలె. గాలి లేస్తే గా ట్యూబులైటు ఒక్కసారి తళుక్కుమంటది. కన్నుమూసి తెరిచేలోపట మల్ల మామూలైతది. రెండుసార్లు గూడ కార్డు గప్పుడే పోయింది. నేను నా కండ్లతోటి సూసిన."

సదానందం నవ్వాడు. "గాలికి కరెంటుకు ఏం చుట్టరికం బిడ్డా? ఇగో సూడు, రెండు వందల ముప్ఫై. గిది అబద్ధమాడదు."

"గిప్పుడు గాలి లేదు గద సార్."

"మీటరు కంటె నీకెక్కువ తెలుసా?"

ఆ పిల్ల మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

గాలికి తీగ ఊగితే స్తంభం మీద జాయింటు వదులై కరెంటు ఎగిరిపడుతుందని ముప్ఫై ఏళ్ల పనివాడికి తెలియదా? తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ ఆ రోజు ఆయనకు వినబుద్ధి కాలేదు. చెప్పింది నిన్నగాక మొన్న పనిలో చేరిన ఆడపిల్ల. పైగా వెంకటేశ్వర్లు ఇంట్లో నాటుకోడి కూర ఉడుకుతున్నది, ఆ వాసన కేంద్రం దాకా వస్తున్నది. ఆయన రెండో వాక్యానికి టిక్కు పెట్టి, ముద్ర కొట్టి, వెళ్లి కడుపు నిండా తిన్నాడు.

మర్నాడు పొద్దున పాలు పోసే వేళ, ఆడవాళ్లంతా క్యాన్లతో వరుసలో నిలబడి ఉండగా, వెంకటేశ్వర్లు ఆ చీటీ గట్టిగా చదివాడట. స్రవంతి అక్కడే నిలబడి ఉందట. చదవడం అయ్యాక తాళం చెవులు బల్ల మీద పెట్టి, ఎవరి మొహం చూడకుండా వెళ్లిపోయిందట. ఇదంతా సదానందానికి తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు కూడా, "అయ్యో పాపం, ఏం జేస్తం" అనుకున్నాడే తప్ప అన్నం మానేయలేదు.

సరిగ్గా ఇరవై రోజులకు ఫోను మోగింది. స్రవంతి స్థానంలో కూర్చున్న ఉదయ్. వెంకటేశ్వర్లుకు చెల్లెలి కొడుకు.

"అన్నా, కార్డు మల్ల కాలింది."

"ఎట్ల కాలింది? నువ్వేం జేసినవ్?"

"నేనేం జెయ్యలే, తల్లితోడు! స్విచ్చు ముట్టనే లేదు. దుమ్ము లేసింది, గాలి కొట్టింది, లైటు ఒక్కసారి తెల్లగ మెరిసింది, అంతే, ట్యాంకు బంద్."

సదానందం చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. "మంచిది, వస్త" అని ఫోను పెట్టేశాడు. ఈసారి ఊళ్లో చీటీ గురించి ఎవరూ అడగలేదు. ఉదయ్ వాడకంలో లోపం ఉందని ఎవరి నోటి నుంచీ రాలేదు. కార్డులే మంచివి రావడం లేదు అనుకుని, ఇంకోటి వేయించి ఊరుకున్నారు.

రెండు రోజులు ఆయనకు ముద్ద దిగలేదు. భార్య రాజేశ్వరి, "పెయ్యి బాగలేదా, దవాఖానకు పోదామా" అని అడిగింది. పెయ్యి బాగానే ఉంది. ఆ పిల్ల దగ్గరికి వచ్చి "జర ఆగుండ్రి" అన్నదే చెవుల్లో మోగుతున్నది. ఆగడానికి ఏం పోయింది? ఒక పూట. అంతే కదా. ఒక్క పూట ఆగి ఉంటే ఆ పిల్ల ఇంకా కుర్చీలోనే ఉండేది.

మూడో రోజు పొద్దున్నే చంద్రమౌళి దుకాణానికి వెళ్లాడు. చౌరస్తా దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, ఇద్దరికీ పాతికేళ్ల నేస్తం. చంద్రమౌళికి సరుకు అమ్మడం కంటే దాని గురించి చెప్పడం ఎక్కువ ఇష్టం. గిరాకీ తక్కువగా ఉన్న పూట దొరికామా, ఇక మన పని అయిపోయినట్టే.

"సేటు, నాకొక మీటరు కావాలె. కరెంటు రెప్పపాటుల ఎగిరి పడితే దాన్ని పట్టుకోవాలె. ధర జర అందుబాటుల ఉండాలె."

"ఎందుకు? నీ పసుపు మీటరుకు ఏమైంది?"

"కొత్త కాంట్రాక్టు వచ్చింది" అన్నాడు సదానందం. ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

చంద్రమౌళి మూడు మీటర్లు గాజు బల్ల మీద పెట్టాడు. మొదటిది ఆరు వందలది. రెండోది పద్దెనిమిది వందలు, దాని మీద మాక్స్ అని ఒక బటన్ ఉంది. సదానందం చెయ్యి దాని మీదికే వెళ్లింది. బటన్ ఉంది, ధర తక్కువ, ఇంకేం కావాలి?

"ఆగు, ఆగు. అందరు గీడనే మోసపోతరు" అన్నాడు చంద్రమౌళి హుషారుగా. "మాక్స్ అంటే ఏంది? తెర మీద కనబడ్డ అంకెలల్ల పెద్దది యాదికి పెట్టుకునుడు, గంతే. తెర సెకండుకు మూడుసార్లే మారుతది. నడుమల ఏదన్న వచ్చి పోతె దానికేం ఎరుక? నీకు కావాల్సింది పీక్. గిగో, గీ మూడో దాంట్ల ఉన్నది. సెకండుల వెయ్యో వంతు వచ్చి పోయినా పట్టి ఆపుతది. నాలుగు వేల ఏడు వందలు. గింతకంటె మంచియి ఉన్నయి గని, ముప్ఫై వేలు పెట్టాలె. నీకెందుకు అవి?"

"రెండు ఒక్కటే కాదా, సేటు? మాటలు జెప్తానవ్."

చంద్రమౌళికి రోషం వచ్చింది. బల్ల కింది నుంచి పన్నెండు వోల్టుల బండి బ్యాటరీ ఒకటి, చిన్న రిలే ఒకటి తీశాడు. రిలే అంటే లోపల రాగి తీగ చుట్టిన డబ్బా. కరెంటు తీసేయగానే ఆ చుట్ట ఒక్క దెబ్బ వెనక్కి తంతుంది. మూడు మీటర్లనూ దానికే తగిలించి, "సూడు" అని తీగ లాగేశాడు. చిటుక్కుమంది. ఆరు వందల మీటరు పన్నెండు చూపించి సున్నాకు పడిపోయింది. మాక్స్ బటన్ మీటరు పదమూడు దగ్గర ఆగింది. మూడోదాని తెర మీద నూట డెబ్బై నాలుగు నిలబడి ఉంది.

"మల్లొక్కసారి చెయ్యి" అన్నాడు సదానందం.

మళ్లీ చేశాడు. పన్నెండు, పదమూడు, నూట అరవై ఎనిమిది.

తన సంచిలోంచి పసుపు మీటరు తీసి దాన్ని కూడా తగిలించమన్నాడు. చంద్రమౌళి తీగ లాగాడు. పసుపు మీటరు పన్నెండు అన్నది, ఇంకేమీ జరగనట్టే. ముప్ఫై ఏళ్లుగా దీన్నే కదా ఊరూరా తిప్పి, అబద్ధమాడదని చెప్పుకు తిరిగాను అనుకున్నాడు సదానందం. ఆయన ముఖం చూసి చంద్రమౌళి హుషారు తగ్గించాడు.

"ఏమైందిరా? గట్లైనవ్ ఎందుకు? రెండేండ్ల కింద గిసొంటిదే సూపిచ్చిన గద. మనకేం అక్కెర అని నువ్వే నవ్వినవ్."

"అవును, నవ్విన" అన్నాడు సదానందం. బేరం ఆడకుండా నాలుగు వేల ఏడు వందలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయన బేరం ఆడకపోవడం చంద్రమౌళి చూడటం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నమే పరకాల బస్సెక్కాడు. కేంద్రంలో ఉదయ్‌ను లేపి, ట్యాంకు ఆపించి, ప్లగ్గులో కొత్త మీటరు తగిలించి, పీక్‌లో పెట్టి, బోర్లించిన క్యాను మీద కూర్చున్నాడు. తెర మీద మూడు వందల ఇరవై అయిదు. అది తప్పేమీ కాదు, మామూలు కరెంటుకే అల కొన అంత ఎత్తు ఉంటుంది. గంట గడిచింది. అంకె కదలలేదు. ఇంకో గంట. ఒక పక్క గాలి రావాలని కోరుకుంటున్నాడు, ఇంకో పక్క రాకూడదని మొక్కుకుంటున్నాడు. రాకపోతే తాను రాసింది తప్పు కాదు కదా! ఆ ఆశ తన మనసులో ఇంకా ఎక్కడో మూల కూర్చుని ఉందని తెలిసి సిగ్గేసింది.

పొద్దు గూకే వేళకు మబ్బు పట్టి దుమ్ము లేచింది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. ట్యూబులైటు ఒక్కసారి తళుక్కుమని మెరిసింది. కన్నుమూసి తెరిచేలోపల మళ్లీ మామూలైంది. ఆమె చెప్పింది చెప్పినట్టు.

తెర మీద అయిదు వందల అరవై ఒకటి.

సదానందం బయటికి పరుగెత్తి స్తంభం వైపు చూశాడు. కేంద్రానికి వచ్చే సర్వీసు తీగ గాలికి ఊగుతున్నది. న్యూట్రల్ తీగ జాయింటు దగ్గర నల్లగా మాడి ఉంది, ఊగినప్పుడల్లా అక్కడ సన్నగా నిప్పు కనబడుతున్నది. టార్చి కూడా అక్కర్లేదు. ఆ రోజు తల ఎత్తి చూసి ఉంటే మాడిన మరక పట్టపగలే కనిపించేది.

మర్నాడు లైన్‌మన్‌తో జాయింటు కొత్తది వేయించి, వెంకటేశ్వర్లు ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాడు. వెంకటేశ్వర్లు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"శభాష్! పట్టుకున్నవ్ గద! నీ అసొంటి పనోడు జిల్లాల లేడు సదానందం. కూసో, చాయ్ తాగు."

"ప్రెసిడెంటు సాబ్, మరి ఆ పిల్ల..."

"ఏ పిల్ల?"

"స్రవంతి. తప్పు ఆమెది కాదు గద. నేను రాసింది గలత్."

వెంకటేశ్వర్లు కప్పు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు లేపుడు? తీగ బాగైంది, ట్యాంకు బాగైంది. మా పిలగాడు గూడ పని నేర్చుకుంటాండు. నీ చీటీ గలతని నువ్వే జెప్పుకుంటే రేపు నీ చీటీ ఎవడు నమ్ముతడు? జర సోంచాయించు. నీ మంచికే జెప్తాన."

నిజం దాచడమెందుకు, ఆ మాట విన్న క్షణం సదానందానికి లోపల హాయిగా అనిపించింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. చాయ్ తాగి బస్సెక్కొచ్చు. నాలుగు ఊళ్లలో పేరు ఇంకా పెరుగుతుంది కూడా. ఆ హాయి తెలిసొచ్చాక ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది. చాయ్ సగంలో వదిలేసి లేచాడు.

స్రవంతి ఇల్లు ఊరి చివర. ఆమె అప్పుడే ఉపాధి పని నుంచి వచ్చి, గడ్డపార గోడకు ఆనించి, కాళ్ల మీది మట్టి కడుక్కుంటున్నది. నెల రోజుల్లోనే మొహం నల్లబడింది. ఆయన్ని చూసి చెంబు కింద పెట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. వాళ్లమ్మ ఒక కుర్చీ తెచ్చి వేసి లోపలికి వెళ్లిపోయింది.

సదానందం కూర్చోలేదు. మీటరు గురించి, అయిదు వందల అరవై ఒకటి గురించి, మాడిన జాయింటు గురించి గబగబా చెప్పాడు. దారిలోనే రాసి తెచ్చిన కొత్త చీటీ ఇచ్చాడు. అచ్చు చీటీలో చోటు చాలక తెల్ల కాగితం మీద రాశాడు. ఆమె తడి చేతులు చున్నీకి తుడుచుకుని చదివింది. "పాత మీటరులో పీక్ చూసే వసతి లేనందున కరెంటులోని లోపం అప్పుడు తెలియలేదు. లోపం ఆపరేటరుది కాదు." కింద సంతకం, ముద్ర.

"మంచిగ రాసిండ్రు సార్" అన్నది.

ఆయన గుండె కాస్త కుదుటపడింది.

"అయితే తప్పంత మీటరుదేనన్నమాట."

"అది... దాంట్ల ఆ వసతి లేదు బిడ్డా. రెప్పపాటుల వచ్చి పోయేది దానికి కనబడదు."

"దానికి కనబడదు సరే. నేను జెప్పిన గద, గాలి లేచినప్పుడు సూడుండ్రి అని. మీరు విన్నరా, వినలేదా?"

సదానందం తల వంచుకున్నాడు. "విన్న."

"మరి గదేది? గీ కాయితంల లేదు." ఆమె గొంతు పెంచలేదు. "మొదాలు తప్పు నా మీదికి నూకిండ్రు. నేను కూలోళ్ల బిడ్డను, ఏమంటననుకున్నరు. గిప్పుడు మీటరు మీదికి నూకుతాండ్రు. దానికి నోరే లేకపాయె. మీరు మాత్రం యాడ లేరు సార్, ఆ కాయితంల లేరు, గీ కాయితంల లేరు."

సదానందానికి నాలుగు వేల ఏడు వందలు పెట్టి తాను కొన్నది ఏమిటో అప్పుడు అర్థమైంది. మీటరు ఆ పిల్ల కోసం కొన్నాననుకున్నాడు. కాదు, తప్పు మోపడానికి పాత మీటరు ఒకటి దొరుకుతుందని కొన్నాడు.

"ఇంకో కాయితం ఇయ్యి బిడ్డా" అన్నాడు.

ఆమె లోపలి నుంచి నోటుపుస్తకంలో కాగితం చింపి తెచ్చింది. ఆయన ఈసారి కుర్చీలో కూర్చుని, తొడ మీద పెట్టుకుని, మెల్లగా రాశాడు. రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె చదివి, తిరిగి ఆయన చేతికే ఇచ్చింది.

"నాకెందుకు సార్, నాకు ఎరికే గద. ఆ కాయితం అందరి ముంగట చదివిండ్రు. గిది గూడ గట్లనే చదువుండ్రి. పొద్దుగాల, పాలు పోసేటప్పుడు. ఆయన గాదు, మీరు."

ఆ పూట పరకాలలో తెలిసినవాళ్లింట్లో ఉండిపోయి, తెల్లారేసరికి కేంద్రం దగ్గరున్నాడు. ఆడవాళ్లు క్యాన్లతో వరుసలో ఉన్నారు. అందరికంటే ముందు మొగిలమ్మ. మూడు బర్రెల మనిషి, నోరు పెద్దది. పాలు విరిగిన రోజు స్రవంతిని అందరికంటే ఎక్కువ తిట్టింది ఆమే. వెంకటేశ్వర్లు బల్ల దగ్గర కూర్చుని, సదానందాన్ని చూడగానే కళ్లతోనే వద్దు వద్దన్నాడు. సదానందం అటు చూడలేదు. చూస్తే ధైర్యం పోతుందని భయం. కాగితం విప్పి చదివాడు.

"నేను, సదానందం, పోయిన నెల ఇక్కడికి వచ్చి కరెంటు సక్రమంగా ఉన్నదని రాసిచ్చాను. అది తప్పు. గాలికి జాయింటు వదులై కార్డులు కాలాయి. గాలి లేచినప్పుడు చూడమని స్రవంతి ఆ రోజే నాకు చెప్పింది. నేను విన్నాను. విని కూడా చూడలేదు, రాయలేదు. ఆగడం బద్ధకమై ఆమె మీద రాశాను. ఆమె తప్పు ఏమీ లేదు. తప్పు నాది."

చదవడం అయిపోయాక ట్యాంకు లోపల పాలు కలిపే చక్రం చప్పుడొక్కటే వినిపిస్తున్నది.

మొగిలమ్మ క్యాను కింద పెట్టి, తలకు చుట్టుకున్న కొంగు తీసింది. "ఓరి నీ నోట్ల మన్నువడ! నీ కాయితం సూసి నేను ఆ పోరిని ఎన్నెన్ని మాటలంటి! ఇంటికాడికి వోయి మరీ అంటి. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని పోవాలె?" అని సదానందాన్ని కడిగిపారేసింది. ఆయన నిలబడి పడ్డాడు. అక్కడితో ఆగలేదు ఆమె, వెంకటేశ్వర్లు వైపు తిరిగింది. "ప్రెసిడెంటూ, ఆ పోరి వచ్చి ట్యాంకు కాడ కూసునేదాక నేను పాలు పొయ్య. గీ మూడు బర్రెల పాలు నా ఇంట్లనే కాగబెట్టుకుంట. ఏమంటరే?"

వెనకాల వరుసలోంచి ఒక్కొక్కరూ క్యాన్లు కింద పెట్టారు. వెంకటేశ్వర్లు ఉదయ్ మొహం చూశాడు, క్యాన్ల వైపు చూశాడు. చివరికి, "పిలువుండ్రి, పిలువుండ్రి. నేనేమన్న వద్దన్ననా?" అన్నాడు.

స్రవంతి వచ్చింది. మొగిలమ్మ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. ఉదయ్ బల్ల మీద పెట్టిన తాళం చెవులు తీసుకుని, రిజిస్టరు తెరిచి, కుర్చీ సర్దుకుని కూర్చుంది. సదానందం వైపు ఒక్కసారి చూసి తల ఊపింది. అంతకంటే ఆయన ఆశించలేదు. వరుస కదిలింది, పాలు పోయడం మొదలైంది.

ఆయన సంచి భుజానికి తగిలించుకుని రోడ్డు మీదికి వచ్చాడు. ఇన్ని రోజుల బరువు దిగినట్టు అనిపించింది. హమ్మయ్య అనుకుని బస్సు కోసం చూస్తుండగా, వెనక నుంచి ఎవరో పిలిచారు. ఖాళీ క్యాను పట్టుకుని డెబ్బై ఏళ్ల ముసలాయన మెల్లగా వస్తున్నాడు. పేరు రాజమల్లు. సదానందం ఆయన్ని ఎక్కడో చూసినట్టుందనుకున్నాడు, అంతే.

"సదానందం, ఒక్క మాట అడుగుత. కోపం జెయ్యకు."

"అడుగు అన్నా."

"ఆరేండ్ల కింద మా బాయికాడి మోటరు కాలితే నువ్వే వచ్చినవ్. గిసొంటి చీటే రాసిచ్చినవ్. లోపం వాడకంల ఉన్నదని. ఆ దినం మోటరు నడిపింది నా తమ్ముడు. వాడు తాగి నడిపిండని నేననుకున్న. 'లేదన్నా, నేను తాగలే, లైటు ఒక్కసారి ఎగిరింది' అని వాడు మొత్తుకున్నడు. నేను ఇనలే. నీ చీటీ తెచ్చి పెద్దమనుషులల్ల పెట్టిన. బాయి పంచుకున్నం. మాట్లాడుడు బంద్ జేసుకున్నం." ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. "పోయినేడు వాడు సచ్చిపోయిండు. నేను సావుకు గూడ పోలే."

సదానందం సంచి భుజం మీది నుంచి దించాడు.

"గిప్పుడు నువ్వు సదివింది ఇన్న. అప్పుడు గూడ గిట్లనే అయ్యుంటదా? వాడు జెప్పింది నిజమేనా?"

సదానందం ఆ బావిని తలచుకోవడానికి ప్రయత్నించాడు. ఆ మోటారు ఎన్ని హార్స్‌పవర్‌దో, స్తంభం ఎక్కడుందో, ఆ రోజు గాలి ఉందో లేదో, ఆ తమ్ముడి మొహం ఎలా ఉండేదో తలచుకున్నాడు. ఎన్ని బావులు, ఎన్ని చీటీలు! ఆ మనిషి కూడా తన ముందు నిలబడి ఏదో చెప్పే ఉంటాడు. ఎంత తలచుకున్నా ఏదీ గుర్తుకు రాలేదు.

"నాకు యాదికి లేదన్నా" అన్నాడు.

రాజమల్లు, "నాకు దినాం యాదికొస్తది" అని, ఖాళీ క్యాను చేతిలో మార్చుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయాడు.